ఎక్కించే విద్య

కిలిమంజారో కొనమీద తీసుకున్న ఫొటోలు మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. జెండా పట్టుకున్న కుర్రాడో అమ్మాయో, పక్కన బోర్డు, బోర్డు మీద 5,895 మీటర్లన్న అంకె, వెనక మిగిలిన కాస్త మంచు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కి, 2016లో కిలిమంజారో కూడా ఎక్కాక ఈ ఆఫ్రికా కొండ పేరు మన ఊళ్లలోనూ వినిపిస్తోంది. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్న పిల్లలు టాంజానియా దాకా వెళ్లి రావడం ఇప్పుడు వింతేం కాదు. అయితే ఆ ఫొటోల్లో ఒక మనిషి మాత్రం కనిపించడు. ఫొటో తీసిన గైడ్. అతని వెనక ఒక వంటవాడు, నీళ్లు మోసినవాళ్లు, గుడారాలు వేసినవాళ్లు ఉంటారు. వాళ్లూ కనిపించరు. కొండ ఎక్కడం ఒక విద్య అనుకుంటే, జన్మలో గుట్ట ముఖం చూడని బ్యాంకు ఉద్యోగినీ, సాఫ్ట్‌వేర్ ఇంజినీరునీ, అరవై దాటిన పెద్దావిడనీ ఎక్కించి క్షేమంగా దింపడం అంతకన్నా పెద్ద విద్య. నేను మెచ్చుకోదలచుకున్నది ఆ రెండోదాన్ని.

కిలిమంజారో ఒంటరి కొండ. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దిగువన, టాంజానియా ఈశాన్యంలో, మైదానం మధ్యలోంచి ఒక్కసారిగా లేస్తుంది. షిరా, మావెంజీ, కిబో అని మూడు అగ్నిపర్వతాలు కలిసి అయిన కొండ ఇది. మంచున్నదీ, అందరూ ఎక్కేదీ కిబో. మామూలు దారుల్లో తాళ్లు అక్కర్లేదు, మంచు గొడ్డలి అక్కర్లేదు. నడవగలిగితే చాలంటారు. ఆ మాటలోనే ప్రమాదం ఉంది. హిమాలయాల్లో ఎవరెస్టు బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు. అక్కడికి చేరడానికి లుక్లా నుంచి ఎనిమిది రోజులు తీసుకోవడం రివాజు. కిలిమంజారో అంతకన్నా అయిదు వందల మీటర్లు పైనే, కానీ జనం అయిదారు రోజుల్లో కొనకు చేరాలనుకుంటారు. పైన పీల్చే ప్రతి ఊపిరిలో ఇంటి దగ్గర దొరికే ఆక్సిజన్‌లో సగమే ఉంటుంది. గైడ్ల పనితనమంతా కాళ్లు త్వరపడే మనిషిని ఒళ్లు అలవాటుపడే దాకా ఆపడంలోనే ఉంది.

అందుకే మొదటి రోజు అడవిలో, ఇంకా ఊపిరి బాగా ఆడుతున్న చోటే, ముందు నడిచే గైడ్ నడక చూసి కొత్తవాళ్లు విసుక్కుంటారు. స్వాహిలీలో 'పోలె పోలె' అని వినిపిస్తూనే ఉంటుంది. మెల్లగా, మెల్లగా. అతని అడుగును దగ్గర్నుంచి చూడాలి. వెనక కాలు నిటారుగా బిగిసి ఒంటి బరువంతా ఎముక మీద ఆనుతుంది. ముందు కాలు, బరువు లేకుండా, ఒక రెప్పపాటు వేలాడినట్టు ఉండి అప్పుడు నేల మీద పడుతుంది. ప్రతి అడుగుకీ కండరానికి ఆ రెప్పపాటు విశ్రాంతి. దారి ఏటవాలైతే అడుగు చిన్నదవుతుందే తప్ప తాళం మారదు. నడుస్తూ వెనక్కి చూడకుండానే మాట కలుపుతాడు. మీ ఊరేది, పిల్లలెందరు, ఏం పని చేస్తారు. జవాబు పూర్తి వాక్యంగా వస్తే నడక సరిపోయినట్టు. మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టు. కబుర్లలా కనిపించేది నిజానికి కొలత. 2014లో కార్ల్ ఎగ్లాఫ్ అనే పరుగు వీరుడు ఈ కొండ ఎక్కి దిగడం 6 గంటల 42 నిమిషాల్లో ముగించాడు. గొప్పే, కాదనను. కానీ ఒకే తాళంలో ఆరు రోజులు పదిమందిని నడిపించే మనిషి ముందు ఆ రికార్డు నాకు కాస్త చిన్నదిగానే కనిపిస్తుంది.

దారిని రోజులుగా విడగొట్టడంలోనూ ఈ నేర్పు ఉంది. ఎక్కువమంది వెళ్లే మచామె దారినే తీసుకోండి. మూడో రోజు షిరా విడిది నుంచి బయల్దేరి, 4,600 మీటర్ల పైచిలుకు ఎత్తున్న లావా టవర్ అనే నల్లటి రాతి దిమ్మె దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడే భోజనం. చాలామందికి మొదటి తలనొప్పి వచ్చేదీ అక్కడే. ఆ తర్వాత కష్టపడి ఎక్కినదంతా వదులుకుని దాదాపు 650 మీటర్లు కిందికి, బరాంకో లోయలోకి దింపుతారు. రోజంతా నడిచినా పడుకునే చోటు ముందు రాత్రి కన్నా రెండు వందల మీటర్లే ఎక్కువ. తెలియనివాళ్లకు ఇది డబ్బు దండగ నడక. తెలిసినవాళ్లకు ఈ యాత్ర మొత్తానికీ ఇదే కీలకమైన రోజు. పగలు ఎత్తు రుచి చూపించి, రాత్రి కింద నిద్రపుచ్చితే ఒళ్లు సర్దుకుంటుంది. కొనకు చేరేదీ లేనిదీ సగం అక్కడే తేలిపోతుందని గైడ్లు అంటారు. ఆ లోయలోనే ఈ కొండ మీద తప్ప మరెక్కడా పెరగని ఒక రాక్షస సెనీసియో జాతి చెట్లున్నాయి. ఎండిన ఆకుల్ని రాల్చకుండా కాండం చుట్టూ గొంగడిలా కప్పుకుని రాత్రి చలిని తట్టుకుంటాయి.

మర్నాడు పొద్దున్నే ఎదురుగా బరాంకో గోడ. సుమారు 250 మీటర్ల రాతి ముఖం. తాడు లేకుండా చేతులూ కాళ్లూ వాడి ఎక్కాలి. ఒకచోట దారి ఎంత ఇరుకంటే రాతిని కావలించుకుని పక్కకు జరగాలి. దానికి ముద్దురాయి అని పేరు. పర్యాటకుడు చిన్న సంచి వీపున వేసుకుని రెండు చేతులతో రాతిని వెతుక్కుంటుంటాడు. అదే సమయంలో పోర్టర్లు తలమీద బరువుతో అతన్ని దాటుకుని వెళ్తుంటారు. తలమీద చుట్టకుదురు, దానిపైన వాటర్‌ప్రూఫ్ సంచి, వీపున సొంత బట్టల మూట. ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి రాతి మీద. ఒకడి చేతిలో అట్ట ట్రేలలో కోడిగుడ్లు. ఒకడి నెత్తిన గ్యాస్ సిలిండర్. మెడ కదలదు. కళ్లు మాత్రమే కిందికి చూసి పాదానికి చోటు వెతుకుతాయి. ఆ పాదం ఒక్కసారే పడుతుంది. మనలా రెండుసార్లు తడిమి చూసుకోదు.

ఈ మోతకు లెక్క ఉంది. బృందం సామాను ఒక్కొక్కరికీ 20 కిలోలు దాటకూడదు. గేటు దగ్గర పార్కు సిబ్బంది తక్కెడకు తగిలించి తూస్తారు. దాటితే ఇంకో మనిషిని పెట్టుకోవాల్సిందే. అందుకే ఒక్కో పర్యాటకుడికి ముగ్గురు నలుగురు సిబ్బంది లెక్క వస్తుంది. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే వెనక పదిహేనుమంది కదులుతారు. ఉదయం పర్యాటకులు బయల్దేరాక విడిది విప్పి, మూటలు కట్టి, దారిలో వాళ్లను దాటి, వాళ్లు చేరేలోగా తర్వాతి విడిదిలో మళ్లీ గుడారాలు నిలబెట్టాలి. రోజూ ఇదే. చేరేసరికి గుడారం సిద్ధంగా ఉంటుంది గనక అది ఎలా వచ్చిందన్న ఆలోచనే చాలామందికి రాదు.

బరాఫు విడిదిలో గుడారం వెయ్యడం మరీ చూడదగ్గ పని. అది 4,670 మీటర్ల ఎత్తున గాలికి ఎదురొడ్డిన రాతి వెన్నెముక. మేకు దిగదు. కుర్రవాళ్లు ముందు చేత్తో తడిమి పలుచటి రాతి పలకల్ని పక్కకు లాగి మనిషి పట్టే చదును చేస్తారు. తలుపు గాలికి వెన్ను చూపేలా గుడ్డ పరుస్తారు. ఒకడు దాని మీద పడుకున్నంత పని చేసి పట్టుకుంటే ఇంకొకడు కమ్మీలు దూరుస్తాడు. తాడును పొడుగు రాయికి రెండు చుట్లు చుట్టి, ఆ రాయిని నేల మీద అడ్డంగా పెట్టి, దాని మీద ఇంకో బండ ఎక్కిస్తారు. గాలి లాగినకొద్దీ కింది రాయి బండకు బిగుసుకుంటుంది. చివర వేలితో తాడు మీటి చూసి ముందుకు వెళ్తారు.

ఆ విడిదిలో నీళ్లు లేవు. ఆఖరి వాగు కరాంగా లోయలో ఉంది. అక్కణ్నుంచి బరాఫుకు నీళ్లు తల మీదే రావాలి. ఇరవై లీటర్ల డబ్బా అంటే అచ్చంగా ఇరవై కిలోలు. ఒక మనిషి మోత మొత్తం ఆ నీళ్లే. ఎత్తులో మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగించాలి. వంటకు వేరే, గిన్నెలకు వేరే. శిఖరానికి బయల్దేరే రాత్రి మీ సీసాలో పోసే వేణ్నీళ్లు ఒకరి మెడ మీద ఆరేడు వందల మీటర్ల ఎత్తు ఎక్కి వచ్చినవి. ముఖం కడుక్కోవడానికి ఇచ్చిన చిన్న గిన్నెడు నీళ్లను చూసి చిన్నబుచ్చుకునేవాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

ఇక వంట. కొండ మీద వంటవాడికి 'స్టమక్ ఇంజినీర్' అని సరదా పేరుంది. సరదాకే అయినా అతికినట్టు సరిపోయింది. వంటగుడారంలో నిలబడే ఎత్తు ఉండదు. గొంతుక్కూచుని రెండు పొయ్యిల మీద పదిహేను ఇరవైమందికి రెండు రకాల వంట చెయ్యాలి. పర్యాటకులకు ఒకటి, సిబ్బందికి మొక్కజొన్న పిండితో ఉగాలి. కట్టెలు కాల్చడం నిషేధం కాబట్టి గ్యాసో కిరోసినో. బరాఫు ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మన ఇంట్లోలా ఎసరు పెట్టి బియ్యం వేస్తే గంట గడిచినా పలుకు పోదు. ఆ సంగతి తెలిసిన వంటవాడు పప్పు, మాంసం లాంటివి కింది విడిదుల్లో ముగించేసి, పై రోజులకు త్వరగా ఉడికేవి దాచుకుంటాడు. సరుకుల మూటలు కట్టేది తినే క్రమంలో కాబట్టి, మొదట అయిపోవాల్సినవి పైన, చివరి రాత్రివి అడుగున ఉంటాయి. రోజు గడిచేకొద్దీ మోత తగ్గుతుంది, తగ్గిన మోతకు సరిపడా మనుషుల్ని తిరిగి దింపేస్తారు.

ఎత్తులో ఆకలి చస్తుంది. తినకపోతే కాళ్లు సాగవు. అందుకే సాయంత్రం ముందుగా వచ్చేది సూపు. దోసకాయదో, గుమ్మడిదో, క్యారెట్‌దో, అల్లం ఘాటుతో, ఉప్పు కాస్త ముందుంచి. ఉప్పూ నీళ్లూ వేడీ ఒకేసారి లోపలికి పోతాయి. తినననేవాడు కూడా సూపు తాగుతాడు, తాగాక ఆకలి వేసి చపాతీ అడుగుతాడు. అవును, చపాతీయే. హిందూ మహాసముద్రం దాటి వెళ్లిన మన వలస జనంతో తూర్పు ఆఫ్రికా వంటింట్లో స్థిరపడి, స్వాహిలీలోనూ అదే పేరుతో పిలిపించుకుంటోంది. అక్కడిది నూనె ఎక్కువగా, పొరలు పొరలుగా ఉంటుంది. మనవాళ్లు సంచి అడుగున ఆవకాయ సీసా దాచుకుని వెళ్తారు కాబట్టి ఆ ఎత్తులో ఆ రెండూ కలుస్తాయి. ఖాళీ పళ్లేలు వెనక్కి వచ్చినప్పుడు వంటవాడు వాటిలో మిగిలింది చూస్తాడు. ఎవరు ఎంత వదిలేశారో గైడ్‌కు చెప్తాడు. ఆ రాత్రి గైడ్ మొదట పలకరించేది వాళ్లనే.

పలకరింపుతో పాటు వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తారు. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లకూ వచ్చిన పరికరమే. అప్పుడు 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ 80 పైన ఉంటే నవ్వి చీటీలో రాసుకుంటారు. తలనొప్పి, వాంతి, నీరసం, తల తిరగడం, ఒక్కోదానికీ మార్కులు. లేక్ లూయిస్ పద్ధతి అంటారు దాన్ని. అయితే మంచి గైడ్ అంకె కన్నా మనిషిని ఎక్కువ నమ్ముతాడు. బూటు తాడు సొంతంగా కట్టుకుంటున్నాడా, నిన్నటిదాకా జోకులేసినవాడు ఎందుకు మౌనంగా ఉన్నాడు, పొడిదగ్గు విశ్రాంతిలో కూడా ఆగడం లేదా. అనుమానం వస్తే మడమకు బొటనవేలు తగిలేలా గీత మీద నడవమంటాడు. తూలితే మెదడులో నీరు చేరుతున్నట్టే. అక్కడితో బేరాలు లేవు, కిందికి దింపడమే. డయామాక్స్ మాత్రలు అలవాటుపడడానికి సాయపడతాయి గానీ దిగడానికి బదులు కావు.

వెనక్కి తిప్పడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. లక్షలు ఖర్చుపెట్టి, ఊళ్లో అందరికీ చెప్పి వచ్చిన మనిషికి ఇక్కడితో చాలని చెప్పాలి. ఆ మాట చెప్పే వీలు రావడానికి బృందం ముందే అలా కూర్చి ఉంటుంది. శిఖరపు రాత్రి ఇద్దరు ముగ్గురికి ఒక సహాయ గైడ్ చొప్పున వెళ్తారు. ఒకరిని కిందికి తీసుకెళ్లినా మిగతావాళ్ల నడక ఆగదు. నడవలేనివాళ్లకు విడిదుల్లో ఒంటి చక్రపు స్ట్రెచర్లు ఉంటాయి. ఇనుప మంచం, నడుమ ఒకే ఒక చక్రం, కుదుపు ఆపే స్ప్రింగులు, నాలుగు మూలలా పట్టుకునే పిడులు. అర డజనుమంది పట్టుకుని రాళ్ల దారిలో దాదాపు పరుగు మీద దింపుతారు. ఎక్కేటప్పుడు 'పోలె పోలె' అన్న మనుషులేనా వీళ్లు అనిపిస్తుంది.

అర్ధరాత్రికి అటూ ఇటూగా శిఖరానికి బయలుదేరుతారు. సూర్యోదయం కోసమని అందరూ అనుకుంటారు. అంతకన్నా పెద్ద కారణాలు వేరు. రాత్రి గులకరాళ్ల వాలు గడ్డకట్టి కాలు నిలుస్తుంది, పగలు ఒక అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. పైగా అదే రోజు 3,000 మీటర్ల దాకా దిగాలి, దానికి వెలుగు కావాలి. గాలిలో చలి సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువన ఉంటుంది. నీళ్ల సీసాను సంచిలో తలకిందులుగా పెడతారు. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లుగానే ఉంటాయి. గొట్టంతో తాగే సంచిలో నీళ్లు గడ్డకట్టక ముందే గుక్క తాగి గొట్టంలోకి తిరిగి ఊదమంటారు. ఆగితే రెండు మూడు నిమిషాలే, కూర్చోనివ్వరు. జిప్ వెయ్యడానికి మన వేళ్లు పలకనప్పుడు గైడ్ తన చేతితొడుగు తీసి మన జిప్ వేసి, మన చేతితొడుగు సరిచేసి, ఆ తర్వాతే తనది వేసుకుంటాడు. నాలుగైదు గంటలయ్యాక ఎవరికీ మాటలుండవు. అప్పుడు పాట మొదలెడతారు. నడక తాళానికే పాడతారు. స్టెల్లా పాయింట్ దగ్గర అగ్నిపర్వతపు అంచు చేరాక ఫ్లాస్కులోంచి అల్లం టీ పోస్తారు. అక్కణ్నుంచి కిబో కొన అయిన ఉహురు ఇంకో గంట లోపే. 1961 డిసెంబర్ 9న అప్పట్లో టాంగన్యికా అన్న ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళ లెఫ్టినెంట్ అలెగ్జాండర్ న్యిరెండా ఇక్కడే జెండా నిలిపి కాగడా వెలిగించాడు. అంతకుముందు జర్మన్ చక్రవర్తి పేరు మోసిన శిఖరం ఇది.

ఆ చివరి నడకలో కుడివైపు అగ్నిబిలం, ఎడమవైపు హిమానీనదాల అంచులు. ఎండ కోసిన నిలువు గోడల్లా నిలబడి ఉంటాయి. 1912 నుంచి 2011 మధ్య ఇక్కడి మంచు విస్తీర్ణం నూటికి 85 వంతులు పోయింది. 2000లో లోనీ థాంప్సన్ బృందం తవ్వి తీసిన మంచు దూలాల్లో అడుగు పొర వయసు దాదాపు 11,700 ఏళ్లు. 2050 నాటికి ఇది మిగలదని 2022లో యునెస్కో చెప్పింది. గైడ్లకు ఇది అందం పోవడమొక్కటే కాదు. మంచు వెనక్కి తగ్గితే అది పట్టి ఉంచిన రాళ్లు వదులవుతాయి. 2006 జనవరిలో పడమటి అంచు దారిలో బండలు దొర్లి ముగ్గురు అమెరికన్లు చనిపోయారు. ఆ దారికి తీసుకెళ్లమని అడిగేవాళ్లకు వద్దని చెప్పడం కూడా ఇప్పుడు పనితనంలో భాగం.

చరిత్ర కూడా ఈ విద్యకు సాక్ష్యం చెప్తుంది. 1889 అక్టోబరు 6న జర్మన్ హాన్స్ మేయర్, ఆస్ట్రియన్ లుడ్‌విగ్ పుర్ట్‌షెల్లర్ కిబో కొన చేరారని పుస్తకాల్లో ఉంటుంది. మేయర్‌కు అది మూడో ప్రయత్నం. ఈసారి తేడా ఎక్కడుందంటే, దారిలో విడిదులు పెట్టి, కింది మరంగు ఊరి నుంచి మనుషులు ఎప్పటికప్పుడు తిండి చేరవేసేలా ఏర్పాటు చేసుకున్నాడు. కొన అందకపోతే మొత్తం దిగిపోవాల్సిన అవసరం లేకుండా పై విడిదిలోనే ఉండి మళ్లీ మళ్లీ ప్రయత్నించగలిగాడు. ఎత్తు విడిదిలో కాపలా ఉండి చూసుకున్న మువినీ అమాని పేరు మేయర్ రాశాడు గనక మిగిలింది. మరంగులోని చాగ్గా తెగ యువకుడు యోహానీ కిన్యాలా లౌవో దారి చూపించాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. శిఖరం దాకా వెళ్లాడా లేదా అన్నది తేలని వాదం. నాకు ఆ వాదం అంత ముఖ్యం అనిపించదు. తిండి చేరవేసినవాళ్లు లేకపోతే మూడో ప్రయత్నం కూడా మొదటి రెండిటి దారే పట్టేది.

ఈ పనికి తగిన కూలి దక్కుతోందా అంటే, అన్నిచోట్లా దక్కడం లేదు. చవక యాత్రలు అమ్మే సంస్థలు మొదట కోసేది పోర్టర్ కూలినీ, రెండో పూట భోజనాన్నీ, పడుకునే గుడారాన్నీ. 2003లో మొదలైన కిలిమంజారో పోర్టర్ల సహాయ ప్రాజెక్టు ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉంటుంది. సరైన బట్టలు లేనివాళ్లకు మోషీ పట్టణంలో చలి బట్టలు ఉచితంగా అరువిస్తుంది. పద్ధతిగా నడుచుకునే సంస్థల జాబితా కూడా దాని దగ్గర దొరుకుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట. అయిదు రోజుల యాత్ర చవకగా వస్తోందని తీసుకోకండి, ఏడెనిమిది రోజులది తీసుకోండి. డబ్బు కట్టకముందే సంస్థను అడగండి: పోర్టర్‌కు రోజుకు ఎంతిస్తారు, ఎన్ని పూటలు పెడతారు, ఎక్కడ పడుకోబెడతారు. సూటిగా జవాబు రాకపోతే వేరే సంస్థను చూసుకోండి. చివరి రోజు ఇచ్చే బహుమానం అందరి ముందూ, ఎవరికెంతో పైకి చదివి, ఎవరి చేతికి వాళ్లకే ఇవ్వండి. మీ సంచిలో అక్కర్లేనిది ఒక్క కిలో ఉన్నా మోషీ హోటల్లోనే వదిలి వెళ్లండి.